విమానం మనదే, హ్యాంగర్ ఎవరిది?

వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరి చివర్లో కేంద్రం పచ్చజెండా ఊపినప్పటి నుంచి హన్మకొండలో నలుగురు కూడిన చోటల్లా ఒక మాట వినబడుతోంది: "ఎయిర్‌పోర్టు వస్తే మన పోరగాళ్లకు కొలువులు దొరుకుతయి." ఎంపీసీ చదివే పిల్లలున్న ఇళ్లలో ఇంజినీరింగ్ సీటుతో పాటు ఏఎంఈ, అంటే విమానాల మెయింటెనెన్స్ కోర్సు, పేరు కూడా చర్చకు వస్తోంది. ఆశపడటంలో తప్పు లేదు. కాకపోతే ఎయిర్‌పోర్టుకీ విమానం రిపేరు పనికీ మనం అనుకునేంత దగ్గరి చుట్టరికం లేదు. విమానం రోజూ దిగే ఊళ్లో ఒక పని జరుగుతుంది, సముద్రం అవతల ఇంకో పని జరుగుతుంది. ఉద్యోగాలు ఎక్కువగా ఉండేది ఆ రెండో పనిలోనే. సొంత దేశం పేరు మోసుకుని తిరిగే ఎయిర్‌లైన్ కూడా తన మెకానిక్కులను ఇంటికి పంపి ఆ పనిని విదేశానికి ఎందుకు ఇస్తుంది? దీనికి అందరూ చెప్పే జవాబు "అక్కడ జీతాలు తక్కువ" అని. అది సగం జవాబే.

ఆస్ట్రేలియా వారి క్వాంటాస్ సంగతి చూద్దాం. 1920లో పుట్టిన కంపెనీ, దశాబ్దాల పాటు ప్రభుత్వ సంస్థ. 1993లో పాతిక శాతం వాటా బ్రిటిష్ ఎయిర్‌వేస్ కొన్నది, 1995లో మిగతాది షేర్ మార్కెట్‌కు వెళ్లింది. ప్రైవేటుపరమైనా తోక మీద కంగారూ బొమ్మ పోలేదు, "ఇది మా విమానం" అన్న జనం భావమూ పోలేదు. హ్యాంగర్లు, అంటే విమానాలను నిలిపి రిపేరు చేసే షెడ్లు, మాత్రం ఒక్కొక్కటే పోయాయి. సిడ్నీలో బోయింగ్ 747 జంబోల పెద్ద రిపేర్లు చేసే చోటు 2006లో మూసేశారు. 2012 మేలో ఇంజినీరింగ్ విభాగంలో 500 ఉద్యోగాల కోత ప్రకటించి, మెల్‌బోర్న్‌లోని టల్లమరీన్ హ్యాంగర్ పని ముగించారు. 2013 నవంబర్‌లో అవలాన్ హ్యాంగర్ వంతు వచ్చింది. అక్కడ దాదాపు 300 మంది. 2014 ఫిబ్రవరిలో మొత్తం కంపెనీలో 5,000 ఉద్యోగాలు తీసేస్తామన్నారు. 747ల భారీ రిపేర్లు హాంకాంగ్ వైపు, ఎయిర్‌బస్ ఏ380లవి మనీలాకు వెళ్లాయి.

నడుమ 2011 అక్టోబర్ 29 నాటి ఘటన ఒకటుంది. లైసెన్సున్న ఇంజినీర్లు, బ్యాగేజీ సిబ్బంది, పైలట్లు మూడు యూనియన్లుగా నెలల తరబడి పోరాడుతున్నారు. జీతం కంటే ఉద్యోగ భద్రతే అసలు గొడవ: పని బయటికి పోకూడదని వాళ్ల పట్టుదల. సీఈవో అలన్ జాయిస్ ఆ రోజు ప్రపంచమంతటా ఉన్న క్వాంటాస్ విమానాలన్నిటినీ ఒక్కసారిగా నేలకు దించేశారు. దాదాపు 70 వేల మంది ప్రయాణికులు ఎక్కడివాళ్లు అక్కడే ఇరుక్కుపోయారు. కార్మికుల సమ్మెలు గంటల లెక్కన సాగుతుంటే, పూర్తిగా బంద్ పెట్టింది యాజమాన్యం! రెండు రోజుల్లోపే కార్మిక ట్రిబ్యునల్ కలగజేసుకుని ఇరుపక్షాల ఆందోళనలకూ ముగింపు పలికింది. విమానాలు ఎగిరాయి. యూనియన్ల చేతిలోంచి సమ్మె అనే ఆయుధం జారిపోయింది. ఏడాది తిరగక ముందే టల్లమరీన్ మూత ప్రకటన వచ్చింది.

ఇక్కడిదాకా వింటే ఇదంతా దుర్మార్గమైన యాజమాన్యం కథలా ఉంటుంది. కానీ వాళ్ల వాదనలో నిజం కూడా కొంత ఉంది. అది తెలియాలంటే ముందు విమానం రిపేరంటే ఏమిటో చూడాలి.

మన కాజీపేట వాళ్లకు ఇది చెప్పడం తేలిక. ఇంజన్ షెడ్డుకొస్తే ఆయిల్, బ్రేకులు చూసి, చిన్న చిన్న లోపాలు సరిచేసి మళ్లీ పట్టాల మీదికి పంపుతారు. బోగీని మొత్తం విప్పి, తుప్పు గీకి, కొత్తదానిలా చేసే పీరియాడిక్ ఓవర్‌హాల్‌కు అది లాలాగూడ వర్క్‌షాపుకు పోవాల్సిందే. విమానాల్లోనూ ఇదే తేడా. దిగిన ప్రతిసారీ టైరు అరిగిందా, ఆయిల్ ఎంతుంది, పైలట్ లాగ్‌బుక్‌లో రాసిన లోపమేంటి అని చూసేది లైన్ మెయింటెనెన్స్. కొన్ని వందల గంటలు ఎగిరాక రాత్రికి రాత్రే అయిపోయే ఏ-చెక్ కూడా దాదాపు ఇదే కోవ. రెండేళ్లకు అటూ ఇటూగా వచ్చే సీ-చెక్ వారాలు పడుతుంది. ఆరు నుంచి పన్నెండేళ్లకోసారి వచ్చే భారీ చెక్‌కు నెల పైనే పట్టొచ్చు, పాత జంబోలకైతే వేల పనిగంటలు. ఇంజన్ రిపేరు ఈ రెంటికీ సంబంధం లేని మూడో లోకం.

లైన్ పని ఎక్కడికీ పోదు. రాత్రి విమానం ఎక్కడ పడుకుంటే అక్కడే మెకానిక్ ఉండాలి. ఇంజన్ పని చాలా ఎయిర్‌లైన్ల చేతిలోంచి ఎప్పుడో జారిపోయింది. తయారీ కంపెనీలే "ఎగిరిన గంటకు ఇంత" అని లెక్కగట్టి వసూలు చేస్తూ, ఇంజన్‌ను తమ షాపులకే తెప్పించుకుంటున్నాయి. ఇక గొడవంతా మధ్యలో మిగిలిన భారీ చెక్‌ల గురించే. అందులో ఖర్చు ప్రధానంగా కూలీది. పైగా ఆ సరుకు తనంతట తానే ఎగిరి కూలీ ఉన్న చోటికి పోగలదు. పడవ కిరాయి లేదు, లారీ కిరాయి లేదు. జగిత్యాల, నిజామాబాద్ నుంచి మనవాళ్లు పని కోసం గల్ఫ్‌కు పోయినట్టే క్వాంటాస్ విమానం చౌక హ్యాంగర్ కోసం మనీలాకు పోయింది. మనిషికైతే వీసా కావాలి.

భారీ చెక్ ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూస్తే మిగతాది అర్థమవుతుంది. విమానం లోపలికి రాగానే సీట్లు, టాయిలెట్లు, వంటగది అరలు అన్నీ ఊడదీస్తారు. గోడల వెనక ఇన్సులేషన్ దుప్పట్లు తీస్తారు, నేల పలకలు లేపుతారు. మిగిలేది ఆకుపచ్చ రంగు పూసిన లోహపు ఎముకల గూడు. టాయిలెట్ల కింద, వంటగది కింద ఏళ్ల తరబడి కారిన తడికి దూలాలు తుప్పు పడతాయి. టార్చిలైటు, అద్దం పట్టుకుని ఆ సందుల్లోకి తల దూర్చి చూసేవాడి కన్నే ఇక్కడ అసలు పనిముట్టు. పని కార్డు మీద "ఫలానా దూలం చూడు" అని ఒక్క ముక్క ఉంటుంది. చూశాక తుప్పు బయటపడితే దానికి కొత్త కార్డు పుడుతుంది: గీకాలి, లోతు కొలవాలి, హద్దు దాటితే ముక్క మార్చాలి. ఇలా ముందుగా తెలియని పనులే కొన్నిసార్లు మొత్తం పనిగంటల్లో సగం దాకా తినేస్తాయి. ముసలి విమానమైతే ఇంకా ఎక్కువ.

కాంట్రాక్టు లోగుట్టు ఇక్కడే. బయటి హ్యాంగర్ ముందుగా చెప్పే ధర మామూలు కార్డులకు. కొత్తగా బయటపడే పనికి గంటల లెక్కన బిల్లు వేరు. ఆఫీసులో కూర్చుని రెండు దేశాల గంట కూలీలను పక్కపక్కన పెట్టి ఆదా లెక్కలేస్తే కాకిలెక్కలే అవుతాయి. వెళ్లిరావడానికి అయ్యే ఇంధనం, అక్కడ కూర్చోబెట్టాల్సిన సొంత ఇంజినీర్లు, పని ఆలస్యమైతే రద్దయ్యే సర్వీసులు, తిరిగొచ్చాక దిద్దుకోవాల్సిన లోపాలు, ఇవన్నీ కలిపితేగానీ అసలు ఖర్చు తేలదు. అన్నీ కలిపినా కొన్నిసార్లు బయటే చౌక పడుతుంది. కొన్నిసార్లు పడదు. కోతల ప్రకటనలో మాత్రం మొదటి అంకె ఒక్కటే కనిపిస్తుంది.

యాజమాన్యం వాదనలోని నిజం సంగతికి వస్తే, హ్యాంగర్ బతకాలంటే ఒక విమానం బయటికి పోగానే ఇంకోటి లోపలికి రావాలి. వరస తెగితే వందల మందికి పని లేకుండా జీతం ఇవ్వాలి. క్వాంటాస్ అప్పటికే 747లను ఒక్కొక్కటిగా వదిలించుకుంటోంది. చివరిది 2020 జులైలో వెళ్లిపోయింది. కొత్త మోడళ్లకు మొదటి భారీ చెక్ ఆలస్యంగా వస్తుంది, పనిగంటలూ తక్కువే. డజను ఏ380ల కోసం సొంత హ్యాంగర్, పరికరాలు, శిక్షణ పెట్టుకోవడం ఎవరికైనా బరువే. అయితే ఇదే సమస్యకు ఇంకో దారి పట్టినవాళ్లున్నారు. జర్మనీ లుఫ్తాన్సా తన రిపేరు విభాగాన్ని వేరే కంపెనీగా చేసి ఇతర ఎయిర్‌లైన్ల విమానాలను తెచ్చుకుంది. అమెరికాలో డెల్టా కూడా అంతే, బయటివాళ్ల పని చేసి సంపాదిస్తోంది. క్వాంటాస్ విమానాలు పోయిన మనీలా హ్యాంగర్ సాక్షాత్తూ లుఫ్తాన్సా టెక్నిక్ వారిదే! ఖరీదైన యూరప్ దేశం కంపెనీ చౌక దేశంలో షాపు తెరిచి, ఇంకో ఖరీదైన దేశపు పని అందుకుంది. జీతాల తేడా ఒక్కటే కారణమైతే ఈ లెక్క కుదరదు. వరస తెగకుండా విమానాలు తెచ్చుకోగల నేర్పు ఎవరికి ఉందన్నది అంతకంటే పెద్ద సంగతి. క్వాంటాస్ ఆ ప్రయత్నం గట్టిగా చేయలేదనే నా అభిప్రాయం. బ్రిస్బేన్ హ్యాంగర్ మాత్రం మిగిలింది. 737లు, ఏ330ల వరస అక్కడ తెగకపోవడమే దానికి కారణం.

మరి భద్రత? యూనియన్లు ముందుపెట్టేది ఇదే, ప్రయాణికులకు టెన్షన్ పుట్టేదీ ఇక్కడే. చరిత్ర మాత్రం సూటిగా ఏ పక్షానికీ ఓటేయదు. 1996 మేలో ఫ్లోరిడాలో వాల్యూజెట్ విమానం కూలి 110 మంది చనిపోయారు. రిపేరు కాంట్రాక్టరు సరిగ్గా మూతలు పెట్టకుండా పంపిన ఆక్సిజన్ జనరేటర్లు సరుకు అరలో అంటుకున్నాయి. బయటి కాంట్రాక్టు తప్పిదానికి పాఠ్యపుస్తకంలో చెప్పే ఉదాహరణ అది. 2000 జనవరిలో అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానం పసిఫిక్‌లో పడి 88 మంది పోయారు. తోక భాగాన్ని కదిపే స్క్రూకు గ్రీజు సరిగ్గా పెట్టలేదు. అక్కడ మెయింటెనెన్స్ ఎయిర్‌లైన్ సొంతం. క్వాంటాస్‌లోనే 2010 నవంబర్‌లో సింగపూర్ దగ్గర ఏ380 ఇంజన్ పేలినప్పుడు చాలామంది "చూశారా, రిపేర్లు బయటికి ఇచ్చిన ఫలితం" అన్నారు. దర్యాప్తులో తేలింది ఇంజన్ తయారీలోనే ఒక సన్నని ఆయిల్ గొట్టంలో లోపం ఉందని.

నన్ను ఎక్కువగా ఆపిన ఉదంతం ప్రాణాలు తీయనిది. 2023 డిసెంబర్‌లో లాస్ ఏంజెలెస్‌లో ఒక క్వాంటాస్ ఏ380కి చెక్ చేశారు. ఇంజన్‌ను చేత్తో తిప్పడానికి వాడే నైలాన్ పనిముట్టు, మీటరుంపావు పొడవున్నది, ఇంజన్ లోపలే ఉండిపోయింది. పనిముట్టు కనిపించడం లేదని తెలిసింది. దొరికేదాకా విమానాన్ని వదలకూడదన్నది నియమం. అయినా ఎవరో సంతకం పెట్టారు, విమానం వెళ్లిపోయింది. మరో చెక్‌లో అది బయటపడేలోపు 34 సార్లు ఎగిరింది. పనిముట్ల బోర్డు మీద ప్రతి దానికీ దాని ఆకారంలో గీత గీసి ఉంచుతారు, ఖాళీ ఉంటే దూరం నుంచే కనబడాలని. ఖాళీ కనబడినా "ముందు విమానం వెళ్లాలి" అనే ఒత్తిడి గెలిస్తే, హ్యాంగర్ ఏ దేశంలో ఉన్నా ఒక్కటే. కాబట్టి విదేశంలో రిపేరు అంటే నాసిరకం అని కొట్టిపారేయడం అన్యాయం. సింగపూర్, హాంకాంగ్ హ్యాంగర్లు ప్రపంచంలో పేరున్నవి. సమస్యల్లా దూరం పెరిగేకొద్దీ, చేతులు మారేకొద్దీ చూసే కన్ను పలచబడటం. సొంత దేశపు నియంత్రణ సంస్థ ఇన్‌స్పెక్టరు మన హ్యాంగర్‌లోకి చెప్పకుండా అడుగుపెట్టగలడు. పరాయి దేశానికి పోవాలంటే అనుమతులు, టికెట్లు, ముందస్తు కబురు. ఆకస్మిక తనిఖీ అన్న మాటకే అక్కడ విలువ ఉండదు.

"చట్టం చేసి ఆపేయొచ్చు కదా" అనిపిస్తుంది. రెండు దేశాలు చేసి చూశాయి. ప్రైవేటుపరం చేసేటప్పుడే ఆస్ట్రేలియా 1992 చట్టంలో ఒక షరతు పెట్టింది: క్వాంటాస్ అంతర్జాతీయ సర్వీసులకు వాడే సదుపాయాలను, మెయింటెనెన్స్‌తో సహా, అన్నీ కలిపి చూస్తే ప్రధాన కేంద్రం ఆస్ట్రేలియాలోనే ఉండాలి. అన్నీ కలిపి అనడంలోనే కిటుకు ఉంది. శిక్షణ, కేటరింగ్, ఆఫీసు అన్నీ కలిపి లెక్కేస్తే ఒకట్రెండు హ్యాంగర్లు పోయినా షరతు చెక్కుచెదరదు. కెనడా ఇంకాస్త గట్టిగా రాసుకుంది. ఎయిర్ కెనడాను అమ్మే 1988 చట్టంలో విన్నిపెగ్, మాంట్రియల్, మిసిసాగాల్లో ఓవర్‌హాల్ కేంద్రాలు కొనసాగించాలని ఊర్ల పేర్లతో సహా పెట్టింది. ఎయిర్ కెనడా తన రిపేరు విభాగాన్ని విడగొట్టింది. అది అవియోస్ అనే కంపెనీ అయింది. 2012 మార్చిలో అవియోస్ తలుపులు మూసింది, సుమారు 2,600 మంది రోడ్డున పడ్డారు. క్యుబెక్ కోర్టు 2013లో ఎయిర్ కెనడా చట్టం తప్పిందని తీర్పిచ్చింది, అప్పీలులోనూ అదే తీర్పు నిలిచింది. 2016లో పార్లమెంటు ఏం చేసింది? చట్టాన్నే సడలించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం విన్నాం గానీ, ఆకులు కూడా పారేయడం ఇదే.

క్వాంటాస్‌పై కోర్టులో కార్మికులు గెలిచిన కేసు ఒకటుంది. దాన్ని ఈ వ్యవహారంతో కలిపేసి చెప్పేవాళ్లు చాలామంది. అది మెకానిక్కులది కాదు. 2020లో కరోనా సమయంలో 1,700 మందికి పైగా బ్యాగేజీ, గ్రౌండ్ సిబ్బందిని తీసేసి ఆ పని కాంట్రాక్టుకు ఇచ్చారు. 2023లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు అది చట్టవిరుద్ధమని తేల్చింది. 12 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల పరిహారం, 2025లో ఇంకో 9 కోట్ల జరిమానా పడ్డాయి. ఔట్‌సోర్సింగ్ చేసినందుకు ఆ శిక్ష పడలేదని గమనించాలి. మున్ముందు సమ్మెలు చేయకుండా చూసుకోవడం కూడా ఒక ఉద్దేశమని రుజువైనందుకు పడింది. ఖర్చు తగ్గించుకోవడానికే అని నిరూపించుకుని ఉంటే బయటపడేవాళ్లే. పోయిన ఉద్యోగాలు ఎలాగూ తిరిగి రాలేదు.

మన దగ్గర కథ తలకిందులుగా నడిచింది. ఎయిరిండియా 2022 జనవరిలో టాటాల చేతికి పోయినప్పుడు దాని ఇంజినీరింగ్ విభాగం వెంట పోలేదు. ఏఐఈఎస్‌ఎల్ పేరుతో ముందే విడగొట్టిన ఆ సంస్థ ప్రభుత్వం దగ్గరే మిగిలింది. విమానాలు ప్రైవేటువి, వాటిని బాగుచేసే చేతులు సర్కారువి. ఎయిరిండియా ఇప్పుడు సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఇంజినీరింగ్ కంపెనీతో కలిసి బెంగళూరులో సొంత స్థావరం కట్టుకుంటోంది. అది పూర్తయ్యాక ఏఐఈఎస్‌ఎల్ హ్యాంగర్లలో వరస ఎంత నిలుస్తుందన్నది చూడాల్సిందే.

ఇక మన విమానాలు ఏళ్ల తరబడి సింగపూర్‌కో, శ్రీలంకకో, అబుదాబికో పోవడానికి జీతాలు ఎంతమాత్రం కారణం కాదు. కూలీ చౌక మన దగ్గరే కదా! ఎక్కువగా పన్నే పోగొట్టింది. దేశంలో రిపేరు చేయిస్తే 18 శాతం జీఎస్‌టీ, బయట చేయించి తెచ్చుకుంటే 5 శాతం. 2020 ఏప్రిల్ నుంచి ఇక్కడా 5 శాతం చేశారు, 2024 జులైలో విడిభాగాలన్నిటికీ ఒకే 5 శాతం పెట్టారు. పన్ను తగ్గడం మొదలయ్యాక పెద్ద కంపెనీల చూపు ఇటు మళ్లింది. 2025 నవంబర్‌లో శంషాబాద్‌లో ఫ్రాన్స్‌కు చెందిన సాఫ్రాన్ ఇంజన్ల ఓవర్‌హాల్ కేంద్రం మొదలైంది. ఏడాదికి 300 లీప్ ఇంజన్ల దాకా చేయగలిగేలా కట్టారు. ఎక్కడో ఒక దేశం మెకానిక్ "మా పని ఇండియాకు పోయింది" అని తిట్టుకునే రోజులు వస్తే ఆ తిట్లు హైదరాబాద్‌కే తగులుతాయి. ఇంతకాలం పని పోగొట్టుకున్నవాళ్ల పక్షాన మాట్లాడిన మనం అప్పుడేమంటామో!

ఒక నష్టం మాత్రం ఏ లెక్కల పుస్తకంలోనూ పడదు. సింగరేణిలో చూశాం. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల చుట్టుపక్కలకు వచ్చింది, ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే పని కాంట్రాక్టు కంపెనీల చేతికి పోయింది. బొగ్గు కదలదు కాబట్టి కాంట్రాక్టరు గోదావరిఖనికి వచ్చాడు. విమానం కదులుతుంది కాబట్టి పనే దేశం దాటింది. పోయింది ఈ తరం జీతాలే అయితే వీఆర్ఎస్ డబ్బుతో ఎలాగో సర్దుకుంటారు. కానీ తుప్పును వాసనతో పసిగట్టే మేస్త్రీ పక్కన నాలుగేళ్లు నిలబడి నేర్చుకునే కుర్రాడికి హ్యాంగరే బడి. హ్యాంగర్ మూస్తే లైన్ మెయింటెనెన్స్‌కు కావలసిన మనుషులు కూడా పదేళ్లకు కరువవుతారు. కరోనా తర్వాత ప్రపంచమంతా మెకానిక్కుల కొరత అని గగ్గోలు పెట్టిన ఎయిర్‌లైన్లలో చాలావరకు మునుపు వాళ్లను పొమ్మనలేక పొగబెట్టినవే.

ఇప్పుడు మామునూరు సంగతి. అక్కడ చిన్న విమానాలో, ఏ320లో దిగితే వచ్చేది లైన్ పని. రోజుకు నాలుగైదు సర్వీసులకు సరిపడా కొద్దిమంది లైసెన్సుదార్లు, వాళ్లకు సాయంగా కొందరు టెక్నీషియన్లు. రాత్రికి విమానం ఆగకపోతే అదీ అంతంతే. హ్యాంగర్ ఉద్యోగం కావాలంటే దగ్గరిది శంషాబాద్, ఆ తర్వాత నాగ్‌పూర్. బోయింగ్ కట్టించి ఇచ్చిన ఏఐఈఎస్‌ఎల్ హ్యాంగర్ అక్కడుంది, కాజీపేటలో రైలెక్కితే బల్లార్షా మీదుగా నేరుగా పోవచ్చు. ఏఎంఈలో చేర్చే ముందు కాలేజీ వాళ్లను అడగాల్సింది క్యాంపస్ ఫొటోల గురించి కాదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం ఏ కేటగిరీకి ఉంది, మెకానికల్‌కు బీ1కా, ఏవియానిక్స్ అనే ఎలక్ట్రానిక్ పరికరాల పనికి బీ2కా? ప్రాక్టికల్ శిక్షణ నడుస్తున్న హ్యాంగర్‌లోనా, మూలన పడేసిన పాత విమానం మీదనా? కోర్సు సర్టిఫికెట్ వేరు, లైసెన్సు వేరు, ఫలానా మోడల్ మీద సంతకం పెట్టనిచ్చే టైప్ రేటింగ్ ఇంకా వేరు. ఈ మూడింటి మధ్య ఏళ్లూ లక్షలూ ఉంటాయి. ఫీజు కట్టే రోజు చాలామంది మొదటి దాని గురించే చెబుతారు.